ఎనభై రెండు నాటి పెన్నీలు

ఆర్డెన్‌కి చెవుల పరీక్ష చేయించాలని భార్య లవోన్ రెండేళ్లుగా పోరుతోంది. తన చెవులకేం రోగం లేదనీ, ఆమే నోట్లో నోట్లో గొణుగుతుందనీ అతని వాదన. మొన్న చెల్లెలు ఫోన్ చేసి ఆపరేషన్‌కి వెళ్తున్నానంటే, సరదాగా తిరిగి రమ్మని దీవించి మరీ పెట్టేశాడు. అదేమని అడిగితే లైను బాగాలేదన్నాడు.

మొక్కజొన్న గిడ్డంగిలో పని మానేసినప్పటి నుంచీ అతనికి పెన్నీలే, అంటే ఒక సెంటు నాణేలే, లోకం. ఒక బ్యాంకు నుంచి కాగితంలో చుట్టిన పెన్నీల కట్టలు తెచ్చి, వంటింటి బల్ల మీద రాగివి ఏరి దాచుకుని, అక్కర్లేనివి పక్క ఊరి బ్యాంకులో పోసి వస్తాడు. తెచ్చిన చోటే పోస్తే మళ్లీ తన పెన్నీలే తనకు తగులుతాయట. ఎనభై రెండో సంవత్సరానికి ముందువి రాగి, తర్వాతివి జింకు. వాటికి సంవత్సరం చూస్తే చాలు. తంటా అంతా ఎనభై రెండుతోనే. ఆ ఏడు మధ్యలో సర్కారు రాగి మానేసి జింకు మీద రాగి పూత మొదలుపెట్టింది. రంగూ అదే, అంకే అదే. బల్ల మీద పడేస్తే మాత్రం రాగిది చిన్న గంటలా సాగుతుంది, జింకుది చొక్కా గుండీలా టప్పుమంటుంది.

వాటిలోనూ డెన్వర్ టంకశాలలో అచ్చయినది, సన్న అంకెలది, రాగిది ఒకటుంది. దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా దొరకలేదు. ఆర్డెన్ కలల్లోకి వచ్చేది అదే.

స్నేహితుడు డ్వేన్‌దీ ఇదే పిచ్చి. రాగిది బరువెక్కువ కాబట్టి అతను ఎనభై రెండువి త్రాసులో తూస్తాడు. చెవులు లేనివాడికి త్రాసు కావాలి మరి, అని ఆర్డెన్ కాఫీ హోటల్లో అందరి ముందూ ఎగతాళి చేసేవాడు. ఈ చలికాలం ఆ మాటలు కూడా పోయాయి. ఎనభై రెండువి ఎన్ని పడేసినా ఒక్కటీ రాగి కావడం లేదు. డ్వేనే తనకంటే ముందు వెళ్లి, బ్యాంకు పిల్లని మంచి చేసుకుని, మంచివన్నీ ఊడ్చేస్తున్నాడని తేల్చుకుని, అతనితో కాఫీ మానేశాడు.

ఆదివారం మధ్యాహ్నం లవోన్ సింకు దగ్గర బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. వెనక బల్ల మీద పెన్నీ పడింది. సన్నగా, హాయిగా మోగింది. పోనీలే ఒకటి దొరికిందనుకుని తిరిగి చూసింది. అతను దాన్ని జింకువి వేసే బకెట్లో వేశాడు. పొరపాటేమో అనుకుంది. ఇంకొకటి మోగింది. అదీ జింకులోకే పోయింది.

నవ్వొచ్చింది ముందు. అంతలోనే, అతనికి అందనిది ఆ సన్నటి చప్పుడేనని తోచింది. తన గొంతూ సన్నదే. నవ్వు ఆగిపోయింది.

చేతులు తుడుచుకుని, అతను ఎప్పుడో ఏరి పెట్టిన రాగి బకెట్లోంచి ఒకటి తీసి గుప్పిట్లో దాచి వచ్చి కూర్చుంది.

“ఇదేమిటో చెప్పు,” అని పడేసి అరచేత్తో మూసింది.

“జింకు.”

“సరిగ్గా విన్నావా?”

“ఇందులో వినేదేముంది? ఈ చలికాలమంతా జింకేనని చెబుతూనే ఉన్నాగా. మీగడంతా ఆ డ్వేన్ గాడే తినేస్తుంటే మనకేం మిగుల్తుంది?”

లవోన్ చెయ్యి తీసింది. ఆర్డెన్ భూతద్దంతో చూశాడు. డెబ్బై ఒకటి. చూసి, తనే పడేశాడు. చెవి బల్లకి ఆనించి మళ్లీ పడేశాడు. తర్వాత అతని చూపు జింకు బకెట్ మీదికి పోయింది. అది రేపు బ్యాంకుకి వెళ్లాల్సిన బకెట్.

“అయితే ఈ చలికాలమంతా నేను పోసొచ్చినవి...”

“రాగి కూడా పోసొచ్చావు.”

“ఆ డెన్వర్‌ది కూడా పోయిందంటావా?”

పోయిందని అంటే అతన్ని డాక్టరు దగ్గరికి పంపడం ఇంకా తేలికయ్యేది. కానీ అతని ముఖం చూశాక ఆమెకు మనసొప్పలేదు. “పోయిందో లేదో నాకేం తెలుసు. ఈ బకెట్లోనే ఉందేమో,” అంది.

అతను బకెట్ ఆమె వైపు నెట్టాడు. “నువ్వు విను.”

“వింటాను. ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యి.”

ఆదివారం ఎవరుంటారన్నాడు. అక్కడి మెషీన్లో పేరు, నంబరు చెప్పిపెట్టమంది. ఆర్డెన్ లేచి, వీధి చివరికి వినపడేలా తన పేరు అక్షరం అక్షరం చెప్పి వచ్చి కూర్చున్నాడు.

“డ్వేన్‌తో అనకు.”

“నేనెందుకంటాను? నిష్కారణంగా ఆ మనిషిని దొంగని చేశావు. నువ్వే చెప్పుకో.”

కాసేపు గడ్డం గోక్కున్నాడు. రేపు కాఫీకి వెళ్తానన్నాడు, బిల్లు తనే ఇస్తానన్నాడు.

లవోన్ పెన్నీలు పడేయడం మొదలుపెట్టింది. కాస్త గొంతు పెంచి రాగి అనో జింకు అనో చెబుతుంటే, ఆర్డెన్ అందుకుని సన్న అంకెలా, లావు అంకెలా అని భూతద్దం కింద పెట్టి చూస్తున్నాడు. డెన్వర్‌ది ఇంకా దొరకలేదు. బంగాళాదుంపలు సగం చెక్కుతో సింకులోనే ఉన్నాయి. కొంతసేపటికి ఆమె ఇంకా నోరు తెరవకముందే అతను చెయ్యి చాచి, “రాగి కదూ,” అన్నాడు.

“విన్నావా?”

“లేదు. నీ ముఖం చూశా.”