ఎడమచేయి నేర్చుకున్న పని

మా అచ్చాఫీసులో కాగితాలు కోసే మెషీన్‌కు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే కత్తి దిగుతుంది. చేతులు బటన్ల మీద ఉంటే కత్తి కిందికి వెళ్లవు కదా, అందుకు. కానీ మా మేస్త్రీకి అన్నిటికీ తొందరే. ఎడమ బటన్ పైకి లేవకుండా సందులో అట్టముక్క కుక్కి, ఒంటిచేత్తో నడిపిస్తాడు.

చెల్లి పనిలో చేరిన రోజు దానికి నేర్పిందీ అదే. "కుడిచేత్తో నొక్కమ్మా. కత్తి కాస్త ఆగి దిగుతుంది. ఆలోపు ఎడమచేత్తో కట్ట సర్ది, చెయ్యి లాగేసుకో."

"అదేం నేర్పడమండీ, వేళ్లు పోతే?" అన్నాను నేను కాగితాలు మడతపెట్టే బల్ల దగ్గర్నుంచి. నా నోరు ఊరుకోదు.

"ఇన్నేళ్లలో నాకు పోయాయా?" అని పదివేళ్లూ ఆడించి చూపించాడు.

ఆ రోజంతా చెల్లికి కుదరలేదు. ముందు సర్ది తర్వాత నొక్కేది, లేదంటే నొక్కి బిగుసుకుపోయేది.

"నాకు రాదక్కా," అంది బస్సులో, ఏడుపుమొహం పెట్టి.

"రాకపోతే పీడా పోయింది. పడుకో."

నా భుజం మీదే నిద్రపోయింది. కాసేపటికి దాని ఒళ్లో టిఫిన్ డబ్బా కదిలింది. చూస్తే కుడి బొటనవేలు మూతను నొక్కుతోంది. ఎడమచేయి ముందుకు జరిగి, ఆగి, వెనక్కి వస్తోంది. నవ్వొచ్చింది. మళ్లీ అదే, మళ్లీ అదే. మా స్టాపు దగ్గరపడేసరికి ఎక్కడా తడబాటు లేదు. నా నవ్వు పోయింది. పిల్ల నిద్రపోతోంది, చేతులు పని నేర్చుకుంటున్నాయి.

మర్నాడు చెల్లి చెప్పులు విడిచి వచ్చేలోపు నేను లోపలికి వెళ్లాను. కోసే మెషీన్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ సామాన్లు సర్దుకుంటున్నాడు.

"కత్తి నత్తనడక నడుస్తోందని బిగించేశా," అని ఒకసారి నొక్కి చూపించాడు. నొక్కడం, కోయడం ఒకేసారి అయిపోయాయి. మధ్యలో ఆగడమే లేదు. మేస్త్రీ మురిసిపోయి, అట్టముక్క మళ్లీ కుక్కేసి, మెకానిక్‌ను టీకి తీసుకెళ్లాడు.

నేను చెల్లికి చెబుదామని తిరిగేసరికి అది మెషీన్ ముందుంది. కట్ట కూడా పెట్టేసింది. చెప్పేంత టైము లేదు. పరుగెత్తి అట్టముక్క పీకేశాను.

చెల్లి కుడిచేయి నొక్కేసింది. కత్తి దిగలేదు.

"ఏంటక్కా, పాడుచేశావా? ఇవాళ నాకు భలే వచ్చేసింది తెలుసా," అంది విసుగ్గా.

నేను దాని ఎడమచేతి వంక చూశాను. అదీ చూసుకుంది. నాలుగు వేళ్లూ సరిగ్గా కత్తి కింద ఉన్నాయి. ఇంకా టైముందన్నట్టు తాపీగా ఉన్నాయి.

కత్తి ఇప్పుడు ఆగదని చెప్పాను. చెయ్యి లాక్కుని చంకలో దాచుకుంది.

మేస్త్రీ వచ్చాక అట్టముక్క ఆయన మొహాన కొట్టినంత పని చేశాను. "రెండు చేతులతో అయితే పని సాగదమ్మాయ్," అని నసిగాడు. సాగకపోతే మూసుకోమన్నాను. సాయంత్రం దాకా చెల్లి రెండు బటన్లూ నొక్కే కోసింది. నేను పక్కనే నిలబడ్డాను.

బస్సెక్కాక కళ్లు నులుముకుంటూ కూర్చుంది. "నేను నిద్రపోనక్కా. నిద్రలో చెయ్యి మళ్లీ పాతదే నేర్చుకుంటే?"

"ఇవాళ్టిదే నేర్చుకుంటుందిలే, పడుకో." దానికి ధైర్యం చెప్పానే కానీ నాకే లేదు.

ఎంతసేపని ఆపుకుంటుంది, కునుకు పట్టేసింది. నేను డబ్బా మీంచి చూపు తిప్పలేదు. రెండు బొటనవేళ్లూ మూతకు చెరోవైపు ఆనాయి. రెండూ కలిసి నొక్కాయి. హమ్మయ్య అనుకున్నాను.

అంతలో ఎడమచేయి మెల్లగా ముందుకు జరిగింది.

గబుక్కున పట్టుకున్నాను. మా స్టాపు వచ్చింది, పోయింది. నేను ఆ చేయి వదల్లేదు.