పదిహేడో నంబరు ఇంట్లో పెట్టె

మా కంపెనీ కోటి ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చిన సందర్భంగా పొద్దున పదిన్నరకు కేకు కోస్తుంటే, దేశమంతా మా ఇంటర్నెట్ పోయింది. కత్తి ఇంకా ఛైర్మన్ చేతిలోనే ఉంది.

నేను ఆ కంపెనీలో నెట్‌వర్క్ హెడ్‌ని. పద్నాలుగేళ్ళ క్రితం మాకున్నవి ముప్పై ఏడు ఇళ్ళు, ఒక నిచ్చెన, రెండు సైకిళ్ళు. గోడలెక్కి తీగలు లాగింది నేనే. ఇప్పుడు పదకొండు అంతస్తుల ఆఫీసు, మెడకు టై. కింద వాళ్ళను కేకలేయడం తప్ప చేత్తో చేసే పని నాకేమీ మిగల్లేదు.

కళ్ళజోడు ఇంజనీరమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"తీగలు బానే ఉన్నాయి సార్. ఊరూరా మన మెషిన్లే వాటంతటవి ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగుతున్నాయి. అన్నీ నిమిషానికోసారి ఒకే అడ్రసును 'ఉన్నావా?' అని అడుగుతున్నాయి. జవాబు రాకపోతే తమ లైనే పోయిందనుకుంటున్నాయి."

"ఎవడిదా అడ్రసు?" అని అరిచాను.

"కస్టమర్ నంబర్ పదిహేడు. ఇంట్లోనే బట్టలు కుట్టే షాపట సార్."

పదిహేడు మా అక్క.

అప్పట్లో మా ఆఫీసు గదిలో కరెంటు నిలిచేది కాదు. కుట్టుమిషన్ల దగ్గర బ్యాటరీ ఉన్నది అక్కకే. "ఈ పెట్టె ఒక్క నెల నీ దగ్గర ఉంచుకో అక్కా, ఆపకు" అని బతిమాలి పెట్టాను. లైను బతికుందో లేదో చూసుకోవడానికి మా మెషిన్లలో ఆ పెట్టె అడ్రసు రాసిందీ నేనే. తర్వాత ఊళ్ళు పెరిగాయి. ప్రతి కొత్త ఊరికీ పాత ఊరి మెషిన్ల సెట్టింగులనే దించేసుకుంటూ పోయాం. ఆ ఒక్క ముక్క ఆరువందల ఊళ్ళకు పాకింది. పని జరుగుతుంటే ఎవడు విప్పి చూస్తాడు?

"ఆ అడ్రసు మార్చేయండి" అన్నాను.

"మార్చాలంటే ముందు మెషిన్లు నిలబడాలి సార్. ఆ పెట్టె జవాబిస్తేనే నిలబడతాయి. నిలబడ్డాక అన్నీ మార్చడానికి సాయంత్రం అవుతుంది."

అక్కకు చేద్దామని ఫోన్ తీశాను. అప్పటికే అక్క నుంచి మూడు కాల్స్ ఉన్నాయి. ఫంక్షనని సైలెంట్‌లో పెట్టాను. తిరిగి చేస్తే ఎత్తలేదు. కారెక్కాను.

నేను వెళ్ళేసరికి అక్క షాపుకు తాళం వేస్తోంది. చేతిలో సంచి, వీధి చివర అప్పుడే వచ్చిన బండి.

"అక్కా, పెట్టె!"

"ఆపేశానురా, తిట్టకు. పాపకు నొప్పులు మొదలయ్యాయని అల్లుడు ఫోన్ చేశాడు. ఇక్కడేమో కరెంటు లేదు. రెండు బ్యాటరీలూ కలిపి ఎనిమిది గంటలు. నేనొచ్చేసరికి రెండ్రోజులు. ఎలాగూ ఆగిపోయేదే, పద్ధతిగా ఆపుదామని ఆపా. నీకు మూడుసార్లు చేశాను."

"ఇన్నేళ్ళూ దీన్ని ఆపనే లేదా?"

"నువ్వే కదరా ఆపొద్దన్నావు."

"ఒక్క నెల అన్నాను!"

"నెలయ్యాక ఆపమని చెప్పలేదుగా."

కరెంటు పోయినప్పుడల్లా నాలుగు గంటలకోసారి ఈ మనిషి లేచి బ్యాటరీ మార్చింది. నా కొత్తింటికి రమ్మంటే రాలేదని రెండేళ్ళుగా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు నేను. మా అక్కకు తలపొగరని బంధువులందరికీ చెప్పాను.

"మా ఇంటికి రానిది ఇందుకేనా?"

"రెండ్రోజులు ఉండాలన్నావు. బ్యాటరీ ఎవరు మారుస్తారు? పాప పెళ్ళికే పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేశా. నీ పని కదా, నీకు తెలీకుండా ఉంటుందా అనుకున్నా. ఏంట్రా, ఏమైంది?"

చెప్పాను. కోటి ఇళ్ళని విని అక్క మొహం పాలిపోయింది. బండి వైపు చూసింది, నా వైపు చూసింది. సంచి గుమ్మం పక్కన పెట్టి తాళం తీయబోయింది.

"అల్లుడికి చెప్తాలే. పాపకు అత్తగారుంది."

కూతురు పురిటి నొప్పులు పడుతుంటే, నా నోటి మాట మీద ఈమె మళ్ళీ ఆగిపోతోంది. తాళంచెవి చేతిలోంచి లాక్కున్నాను.

"నువ్వెళ్ళు. నేనుంటాను."

"నీకు బ్యాటరీ మార్చడం వచ్చా?"

ఆరువందల ఊళ్ళ నెట్‌వర్క్ నాది. రాదు. అక్క లోపలికొచ్చి చూపించింది. పాతది తీయకముందే కొత్తది తగిలించాలి, ఎర్ర తీగ ముందు. "తొందరపడకు, నీకసలే తొందరెక్కువ" అని సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

పెట్టె ఆన్ చేసి కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూలబడ్డాను. అప్పుడు చూశాను గోడను. మార్చిన ప్రతిసారికీ ఒకటి చొప్పున, బట్ట మీద గీసే సుద్దతో గీతలు. నేల నుంచి నా భుజం దాకా గీతలే. కొన్ని నీలం, కొన్ని తెలుపు. లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేశాను. ఏడుపొచ్చింది.

ఫోన్ మోగింది. కళ్ళజోడు అమ్మాయి. "వచ్చేసింది సార్!" వెనక చప్పట్లు. తర్వాత ఛైర్మన్ అందుకున్నాడు.

"ఎక్కడయ్యా నువ్వు? కేకు అలాగే ఉంది, స్టేజి మీద అందరం నీ కోసమే చూస్తున్నాం. వెంటనే రా."

గడియారం చూశాను. పదకొండున్నర.

"రాలేను సార్" అన్నాను. "మూడున్నరకు బ్యాటరీ మార్చాలి."