ఇంకొక్కసారి లేవండి

"రాత్రి నిద్ర పడుతోందాండీ?"

"పడుతోంది నాయనా."

"బాత్రూమ్‌కి ఒక్కరే వెళ్ళగలుగుతున్నారా?"

"లేకపోతే నువ్వొచ్చి తీసుకెళ్తావా?"

తెర మీద ముసలావిడ పకపకా నవ్వింది. అతను నవ్వలేదు. నవ్వితే కాల్ సాగుతుంది. సాగితే సూపర్‌వైజరమ్మ వచ్చి వీపు వెనక నిలబడుతుంది. గడిలో టిక్కు పెట్టి తర్వాతి నంబరు నొక్కాడు.

పొడుగాటి గది. కిటికీలున్నాయి గాని తెరుచుకోవు. చెక్క అడ్డాలతో గూళ్ళు కట్టి, గూటికొక మనిషిని కూర్చోబెట్టారు. హెడ్‌ఫోన్ల మీది నురగ చిరిగి, నల్లటి పొట్టు చెవులకు అంటుకుంటుంది. చొక్కా కింద అతని నడుముకి బెల్టు. ఏడో తరగతితో చదువుకి దండం పెట్టి ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోశాడు. నడుము పోయింది. "నడుము పోతేనేం, నోరుందిగా" అని ఇక్కడ పడేశారు. పెద్దవాళ్ళకి వీడియో కాల్ చేసి, వాళ్ళకి ఇంట్లో ఏ సాయం కావాలో తేల్చడం పని. తేల్చడమంటే చాలావరకు ఉన్నది పీకెయ్యడమే.

"ఊరందరి మోకాళ్ళూ అడుగుతావు. నా మోకాలు ఎప్పుడైనా అడిగావా?" అంది పొద్దున భార్య, అన్నం డబ్బా చేతికిస్తూ. అతను చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బయటపడ్డాడు. ఆరింటికి ఇల్లు చేరేసరికి అతని నోట్లో ఇంకో మాట మిగలదు.

ఈ పెద్దవాళ్ళతో వచ్చిన చిక్కు ఒకటే. కెమెరా అంటే ఫోటో అనుకుంటారు. తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, బిగదీసుకుని కూర్చుంటారు. ఏమడిగినా బ్రహ్మాండం అంటారు. బ్రహ్మాండంగా ఉన్నవాడికి సాయమెందుకని ఆపేస్తారు. ఆ సంగతి వాళ్ళకి చెప్పకూడదు, ప్రతి మాటా రికార్డవుతుంది. పక్క గూటి లావుపాటి మనిషి ఒక పెద్దావిడ మీద జాలిపడి "కాస్త మూలగండమ్మా" అన్నాడు. మర్నాడు ఆ గూట్లో కొత్త ముఖం కనిపించింది.

మధ్యాహ్నం లిఫ్టాయన వంతు వచ్చింది. బతుకంతా ఏదో పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపినవాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. సాయం కింద పొద్దున ఆయా వస్తుంది, స్నానం చేయించి, వండిపెట్టి, మాత్రలు మింగించి సాయంత్రం వెళ్తుంది. ఆమె ఇక ముందూ రావాలా వద్దా అన్నది ఈ కాల్‌తో తేలిపోతుంది.

తెర మీద తెల్ల చొక్కా, మెడదాకా గుండీలు. చొక్కా లోపల రొమ్ము కొలిమితిత్తిలా ఆడుతోంది.

"ఆయాసం ఉందా బాబాయిగారూ?"

"ఆయాసమా? నాకా?"

లేదు అని టిక్కు పెట్టాల్సి వచ్చింది. కళ్ళకి కనబడే ఊపిరికి వేరే గడి లేదు.

"చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి, తలుపుదాకా వెళ్ళి రండి."

"పెద్దాయనా, నొప్పిగా ఉందని చెప్పొచ్చుగా!" ఆయా పక్కనుంచి అంది.

"నువ్వూరుకోవమ్మా. నన్ను మంచాన పడేస్తే గాని నీకు తోచదా?"

"పడితే చూసేదాన్ని నేనేగా. ఇవాళ నన్నే సాగనంపుతున్నావు."

ముసలాయన లేచాడు, వెళ్ళాడు, వచ్చాడు. చొక్కా సర్దుకుని కూర్చున్నాడు. "చూశారా?"

చూశాడు. చూసింది చూసినట్టు పెడితే రేపటి నుంచి ఆ గదిలో మాత్రలిచ్చే చెయ్యి ఉండదు. సందేహముంటే మళ్ళీ చేయించవచ్చని రూలుంది. ఆ ఒక్క సందు దొరికింది.

"సరిగ్గా కనబడలేదు బాబాయిగారూ. ఇంకొక్కసారి లేవండి."

ఈసారైనా చెయ్యి ఆనించు. చేతకాదను, ఒక్కమాట చాలు. లోపల్లోపల బతిమాలుకున్నాడు. ముసలాయన నుదురు తడిసింది గాని చేతులు తొడలు దాటి పోలేదు. వెళ్ళాడు, వచ్చాడు.

వీపు వెనక అత్తరు వాసన వచ్చింది. సూపర్‌వైజరమ్మ.

"నడిచాడు కదా. పెట్టెయ్యండి."

"సందేహంగా ఉంది మేడమ్. ఒక్కసారి." తెర వైపు వంగి, రూల్లో ఉన్న వాక్యాన్నే పట్టి పట్టి పలికాడు: "మీకు కష్టంగా ఉంటే... చెప్పవచ్చు బాబాయిగారూ. చెప్పవచ్చు."

"రోజంతా నిలబడ్డ కాళ్ళివి బాబూ. లిఫ్టు ఎక్కినవాళ్ళ ముందు ఏనాడూ కూర్చోలేదు. మీ ముందు చతికిలపడతానా?"

మూడోసారి లేస్తూ ముసలాయన చెయ్యి వెనక్కి వెళ్ళి కుర్చీ వీపు పట్టుకుంది. దాని మీద ఆరేసినట్టున్న తువ్వాలు చేతితోపాటు జారి కిందపడింది. ఆయన తెర దాటి తలుపు వైపు వెళ్ళాడు. కుర్చీ వెనక, గోడకి ఆనించి దాచిన చేతికర్ర బయటపడింది.

అతని వేళ్ళు పరుగెత్తాయి. కర్ర వాడుతున్నారు, సాయం కొనసాగించాలి. సూపర్‌వైజరమ్మ నోరు తెరిచేలోపు నొక్కేశాడు. చాలా రోజులకి నడుము నిటారుగా నిలిపి కూర్చున్నాడు.

"చాలు బాబాయిగారూ. వచ్చి కూర్చోండి."

ఎవరూ రాలేదు. "పెద్దాయనా," అంది ఆయా గొంతు. కాసేపటికి మళ్ళీ, ఇంకా చిన్నగా. ఆ తర్వాత పిలవలేదు. ఆమె ముఖం తెరకి దగ్గరగా వచ్చింది.

"గుమ్మం పట్టుకుని అలాగే జారిపోయాడయ్యా. ఊపిరి తెలీట్లేదు."

అంబులెన్సుని పిలిచే ఎర్ర మీట నొక్కాడు. అది నొక్కాక మనుషులు వచ్చేదాకా కాల్ తెంపకూడదు. సూపర్‌వైజరమ్మ పక్కకి జరిగింది. హెడ్‌ఫోన్లలో మెట్ల మీద బూట్లు, స్ట్రెచర్ చక్రం కిర్రు. ఆ చప్పుడు అతనికి కొత్త కాదు. ఒక మగ గొంతు "పోయి కాసేపైంది" అంది. ఆయా ఏడుపు వాళ్ళ వెంట మెట్లు దిగిపోయింది.

అటువైపు ఫోను ఆపాలని ఎవరికీ తోచలేదు. ఇటు ఆపాల్సిన చెయ్యి కదల్లేదు. తెర నిండా ఖాళీ గది. గోడకి ఆనిన కర్ర పిడికి పాత గుడ్డపేలిక గట్టిగా చుట్టి ఉంది. అరచెయ్యి పట్టే చోట ఆ గుడ్డ నల్లబడి, నున్నగా మెరుస్తోంది.