మైకు వచ్చాక బొంత బతుకు

నేను ఒక బొంతను. పోసవ్వ కట్టి విడిచిన ఆరు పాత చీరలను పొరలుగా పరిచి, కోరుట్లలో ఒక వానాకాలమంతా కుట్టిన బొంతను. పోసవ్వ బీడీలు చేస్తుంది. ఆమె బిడ్డ వినోద నా మీదే పెరిగి, నా మీదే చదువుకొని, ఆ ఇంట్లో మొదటిసారిగా డిగ్రీ పాసైంది. అంతవరకు నాకు ఎవరి మీదా కుళ్ళు లేదు.

డిగ్రీ అయ్యాక వినోద పాడ్‌కాస్ట్ మొదలుపెట్టింది. బీడీలు చుట్టేవాళ్ళకు చేతులు ఖాళీ ఉండవు, చెవులు ఖాళీయే కదా అని ఆమె ఆలోచన. పింఛను కాగితం ఎలా నింపాలి, దవాఖానా చీటీలో ఏం రాశారు, ఇవే విషయాలు. చప్పుడు పడకుండా నన్ను తల మీదుగా కప్పుకొని, ఫోన్ పట్టుకొని, చెమటలు కారుస్తూ మాట్లాడేది. స్టూడియో అంటే నేనే. ఆ గర్వం నాకు లేదని చెప్తే అబద్ధం.

వినేవాళ్ళు మాత్రం నలభై దాటలేదు. పోసవ్వ గడువు పెట్టింది. "దసరా దాకా చూస్త బిడ్డా. ఐదు నూర్ల మందన్న ఇనకపోతే పట్నంల నీకు వచ్చిన ఆ కంపెనీ నౌకరికి పోవాలె." వినోద తలూపింది. పోవడం ఆమెకు ఇష్టం లేదు.

అప్పుడు వచ్చింది మైకు. కాలేజీ స్నేహితురాలు ఇచ్చింది. బెత్తెడు పొడవు, ఒంటికాలు. వినోద దాన్ని రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేది. నన్ను అలా ఎప్పుడైనా చూసిందా? "మైకు వచ్చినంక నీ గొంతు మస్తున్నదే" అని ఫోన్లో ఎవరో అంటే నా కుట్లన్నీ మండిపోయాయి. నన్ను కిటికీకి అడ్డంగా కట్టి, మైకు ముందు నిటారుగా కూర్చుని "శ్రోతలందరికీ నమస్సుమాంజలి" అనడం మొదలుపెట్టింది. నలభై కాస్తా ముప్పై అయ్యారు. నాకెంత సంతోషమో! ఆమె పట్నం పోతే నేను మూలకు పోతానన్న సంగతి ఆ సంతోషంలో తట్టలేదు.

పోసవ్వే అడిగింది. "ఎవరితోని మాట్లాడుతున్నవే? మాతోనా, కలెక్టర్‌తోనా?"

మరునాడు వినోద మైకు పట్టుకొని అరుగు మీద బీడీలు చేసే నలుగురి మధ్యకు వచ్చింది. నన్ను కింద పరిచింది. తల మీద ఉండేదాన్ని, కూర్చునేవాళ్ళ కిందికి వచ్చాను.

"ఏం చెప్పాలె పిల్లా? మా ఇంటాయన ముచ్చట చెప్పాల్నా?" అంది మల్లవ్వ.

"చెప్పు అత్తా. ఆయన ఇంటే ఎట్ల మరి?"

"ఇంట్ల నా మాటే ఇనడు, ఇది ఇంటడా!"

అందరూ గొల్లున నవ్వారు. తునికాకు కత్తిరించే కత్తెరలు మాత్రం ఆగలేదు. ఆ చప్పుడంతా పడుతుంది, ఇక మైకు పరువు పోయినట్టే అనుకున్నాను.

వారంలో రెండు వందల మంది అయ్యారు. కత్తెరల చప్పుడు వినగానే ఇది మన ముచ్చటే అనిపించిందని మెట్‌పల్లి నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఇన్నాళ్ళూ పోసవ్వ కత్తెర చప్పుడును లోపలికి రానివ్వనిది నేనే. ఎవరితో చెప్పుకోను?

దసరాకు నాలుగు రోజుల ముందు ఆరు వందలు దాటింది. పోసవ్వ మాట తప్పలేదు. "నౌకరి వద్దని చెప్పు వాళ్లకు" అంది.

పేరంతా మైకుదీ కత్తెరలదీ. ఒక సాయంత్రం పని అయ్యాక వినోద నన్ను దులిపింది. కుట్లలో ఇరుక్కున్న పొగాకు పొడి ఎగిరి ఆమెకు పెద్ద తుమ్ము వచ్చింది. మైకు ఆపడం మరిచిపోయింది. తర్వాత వింటూ ఆ తుమ్ము దగ్గర ఆగింది. తీసేయబోయి, నవ్వి, వదిలేసింది.

ఆరు వందల మంది విన్నారు దాన్ని. మైకు మోసింది, అంతే. తెప్పించింది నేను.