మెడ దాకా నింపిన సీసాలు

అర్చన స్టూలెక్కి పెట్టెను కింద పడేస్తుంటే, అది పగలాలని కోమల మనసారా కోరుకుంది.

ఆరడుగుల ఎత్తు నుంచి గచ్చు మీదికి, ఐదుసార్లు. అడుగు మీద ఒకసారి, మూత మీద ఒకసారి, పొడుగు పక్క, పొట్టి పక్క, చివరికి మూల మీద. లోపలి సీసాల్లో రసాయనానికి బదులు నీళ్లు. మండే రసాయనాన్ని విమానంలో పంపాలంటే, ఎంత కొంచెమైనా సరే, పెట్టె ముందు ఈ పరీక్ష తట్టుకోవాలట. తట్టుకుంది. ఒక్క చుక్క కారలేదు. ల్యాబ్ యజమాని అనంతరావు సార్ చప్పట్లు కొట్టాడు. పన్నెండేళ్లలో కోమల కట్టిన వేల పెట్టెల్లో ఒక్కదానికైనా ఆ మనిషి చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు.

చంద్రపూర్‌లో లాల్‌పేట్ వెళ్లే దారిలో ఉంది ఆ ల్యాబ్. బొగ్గు, గని నీళ్లు పరీక్ష చేస్తారు. మిగతా ల్యాబులు తమ మిషన్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూసుకోవడానికి మిథనాల్‌తో కొన్ని ద్రావణాలు కూడా తయారుచేసి పంపుతారు. నింపడం, కట్టడం, పంపడం అన్నీ కోమల చేతి మీదే నడిచేవి. అప్పుడంతా లారీలోనే పోయేవి. గౌహతి నుంచి ఆర్డర్లు మొదలయ్యాక విమానం అవసరం పడింది. విమానం అనగానే శిక్షణ, సర్టిఫికెట్ అన్నారు. ముంబయి పంపడానికి సార్‌కు కనబడింది ఎవరయ్యా అంటే, ఉద్యోగంలో చేరి నిండా రెండు నెలలు కాని అర్చన. జివతి గుట్టల్లోని రైతుల పిల్ల, బీఎస్సీ చదివింది. కోమల మరాఠీ బడిలో పదో తరగతి. "ఆ పుస్తకమంత ఇంగ్లీషులుంటది కోమలా, నీకెందుకా తిప్పలు" అన్నాడు సార్, అదేదో మేలు చేస్తున్నట్టు.

అర్చన తిరిగొచ్చి ఆరు నెలలైంది. కూలరు ముందుండే సరుకు పంపకం టేబులు, దాని వెనక కుర్చీ అర్చనవి అయ్యాయి. కోమల లోపలి గదిలో సీసాలు నింపుతుంది. కోమలకు కడుపు మండిపోయేది. ఆ పిల్ల నవ్వితే మంట, నవ్వకపోతే పొగరని మంట. దాని జడ కూడా కోమలకు గిట్టేది కాదు. మే ఆఖరుకు పంపకానికి ఇన్‌చార్జిగా ఒకరి పేరు ఖాయం చేస్తానని సార్ అన్నప్పటి నుంచి ఆమెకు అన్నం కూడా సహించడం లేదు. కావాలంటే తనూ ఇంగ్లీషు నేర్చుకుంటుంది, ముంబయి పోతుంది. ఆ కుర్చీ మాత్రం తనది తనకు కావాలి.

పరీక్షలో నెగ్గిన రకం పెట్టెలో మొదటిసారి గౌహతికి పన్నెండు సీసాలు వెళ్లాలి. పొద్దున తొమ్మిదింటికి అర్చన నింపే గది తలుపు దగ్గరికొచ్చి నిలబడింది.

"అక్కా, ఒక్కో సీసల ముప్పై మిల్లీ దాటొద్దు. పెట్టె మొత్తం కలిపినా ఐదొందలు దాటొద్దు. మెడ దాకా అసలే నింపొద్దు. ఎండకు మందు ఉబ్బుతది."

"నువ్వు పుట్టకముందు సంది మా ఇంట్ల కొలతల పనే. నాకు చెప్తున్నవా?"

అది నిజమే. కోమల తండ్రికి రాజురా బజార్లో కిరాణా కొట్టు ఉండేది. నూనె కొలిచి పోశాక, ఇంకో చిన్న ధార కొసరు పొయ్యకుండా ఆయన ఎవరినీ పంపలేదు. కోమలకూ అదే చెయ్యి వచ్చింది. లారీలో పంపిన రోజుల్లో ప్రతి సీసాలోనూ గీత మీద కాస్త ఎక్కువే పోసేది. నాగపూర్, అమరావతి ల్యాబులవాళ్లు ఫోన్ చేసి మరీ మెచ్చుకునేవారు.

ఆ పూట ఆమె గీత చూసుకుంటూనే పోసింది. కళ్లు గీత మీద ఉన్నాయిగానీ మనసు కుర్చీ మీద ఉంది. చెయ్యి దానికి తెలిసిన పని అది చేసుకుపోయింది.

అర్చన సీసాల మూతలకు టేపు చుట్టి, దూది పరిచి, ఇంకో ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పెట్టె మూసింది. పైన ఎర్ర చారల అంచున్న గుర్తు అంటించింది. ఈ గుర్తున్న పెట్టెను దారిలో ఎవరూ విప్పి కొలవరు. లోపలున్నది కొంచెమేనని పంపినవాళ్లు చెప్పిన మాట మీద విమానం ఎక్కుతుంది. అందుకే దాంతోపాటు వెళ్లే కాగితం మీద శిక్షణ పొందిన మనిషి పేరు, సంతకం ఉండాలి.

పదిన్నరకు కోమల కొలజాడీ కడగబోయి ఆగిపోయింది. పొద్దున అందులో నాలుగొందల మిల్లీ కలిపింది. పన్నెండు ముప్పైలు మూడొందల అరవై. నలభై మిగలాలి. అడుగున నాలుగు చుక్కలున్నాయి. సీసాలన్నీ మెడ దాకా నిండిపోయాయి. బయట ఎండ నలభై ఆరు.

పదకొండింటికి బండి నాగపూర్ బయలుదేరుతుంది. అరగంట ఉంది. ఒక్క మాట చెబితే చాలు, పెట్టె విప్పి తగ్గించొచ్చు. చెబితే ఈ పిల్ల ముందు పరువు పోతుంది. చెప్పకపోతే కాగితం మీద ఉండేది అర్చన పేరు. ఆ ఆలోచన రాగానే కోమలకు లోపల ఎక్కడో చల్లగా తగిలింది. ఆమె జాడీ కడిగి బోర్లించింది.

అర్చన రెండుసార్లు వచ్చింది. రెండోసారి కాగితం చేతిలో ఉంది.

"అక్కా, అన్నీ మంచిగనే ఉన్నయి గద? సంతకం పెట్టాల్నా?"

"నన్నెందుకు అడుగుతవ్? సర్టిఫికెట్ నీది గద."

అర్చన కాసేపు అక్కడే నిలబడి ఆమె మొహంలోకి చూసింది. తర్వాత గోడకు కాగితం ఆనించి సంతకం పెట్టింది.

మూడోనాడు, విమానం సరుకు చూసే నాగపూర్ ఏజెంటు ఫోన్ చేశాడు. విమానం మారే ఊళ్లో గోదాములో వాసనొస్తే పెట్టె పక్కన పెట్టి, విప్పి కొలిచారు. రెండు మూతలు కారాయి. దూది పీల్చుకుంది కాబట్టి సరిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఇకమీద మీ చేత్తో కట్టిన పెట్టె తీసుకోనని ఏజెంటు తెగేసి చెప్పాడు.

సార్ ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. లెక్కలు రాసే తిరుమల అక్కడే ఉన్నాడు.

"ఏందిది అర్చనా? సీసలల్ల ముప్పై మూడు ముప్పై మూడు ఉన్నయంట!"

"పేరు నాది, సంతకం నాది సార్. తప్పు నాదే."

"రేపటి సంది పంపకం కోమల చూస్తది. ఏజెంటును నేను బతిమాలుకుంట. వచ్చే నెల ముంబయికి కోమలను పంపుత."

అంతే. ఆరు నెలలుగా కోరుకున్నది కూర్చున్నచోటికే వచ్చింది. కోమల తల పైకెత్తింది. తిరుమల ఆమె వైపు చూడనే లేదు. తల వంచుకొని నిలబడ్డ ఆ పిల్ల వైపు జాలిగా, గౌరవంగా చూస్తున్నాడు. సార్ గొంతు కూడా కోపంలోనే మెత్తబడింది. తప్పు మీదేసుకొని కూడా ఇది అందరిలో పెద్దదైపోతోందే! కోమలకు ఒళ్లంతా భగ్గుమంది. దాని దయ మీద దొరికిన కుర్చీలో తను కూర్చోవడమా?

"నింపింది నేను సార్" అంది. "ఎక్కువ పోసిన. బండి పోకముందే నాకు ఎరుకైంది. కావాల్నని చెప్పలే."

మంచితనం కాదది, ఒట్టి కుళ్లు. అయినా నిజం నిజమే కదా.

సార్ కళ్లజోడు తీసి టేబులు మీద పెట్టాడు. విసుగ్గా చెయ్యి ఊపాడు. విమానం సరుకు ఇక లారీలో నాగపూర్ పోతుంది, అక్కడ ఏజెంటే చిన్న సీసాల్లో నింపి కట్టుకుంటాడు. పంపకం టేబులు తీసెయ్యమని తిరుమలకు చెప్పాడు. ఇద్దరూ లోపల సీసాలు కడగాలి.

వరండాలోకి వచ్చాక అర్చన ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఊకో. కుర్చీ పోతే పోయింది" అంది కోమల, ఓదారుస్తున్నదో దెప్పుతున్నదో తనకే తెలియక.

"అది కాదక్కా. సీసలు మెడ దాకా ఉన్నయని మూత పెట్టేటప్పుడే చూసిన. చూసే సంతకం పెట్టిన."

కోమల గిరుక్కున ఆమె వైపు తిరిగింది.

"ఎందుకే?"

"అది కారితే నింపినోళ్లు ఎవరని అడుగుతరు, నిన్ను తీసేస్తరనుకున్న. నువ్వే వచ్చి చెప్తే ఆపుదామని రెండుసార్లు అడిగిన. కారిందని ఫోన్ వచ్చినంక భయమైంది. మనుషులకు ఏమన్న అయితుండె అని... ఇంక నీ పేరు చెప్పనీకి నోరు రాలే."

"నేన్నీకు ఏం చేసిన్నే?"

అర్చన ముక్కు తుడుచుకుంది. "ఫోనెత్తంగనే అందరు ఒక్కటే మాట, 'కోమలతాయి ఆహేత్ కా?', కోమలక్క ఉన్నదా అని. నేనున్న అంటే పెట్టేస్తరు. ఆరు నెలలు ఆ కుర్చీల కూసున్న, నన్ను ఒక్కరు అడగలే. నిన్ను చూస్తే కడుపుల మండేదక్కా."

ముంబయి లేదు, కుర్చీ లేదు, పన్నెండేళ్ల పేరు ఒక్క పూటలో గంగలో కలిసింది. కోమలకు ఏడుపు రావాలి. రాలేదు. ఎండ వరండా సగం దాకా వచ్చింది. ఆమె నీడలోకి జరిగి, అర్చన చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నిజంగనే మండేదా?"

"అవునక్కా."

"ఎప్పటి సంది?"

"ముంబయి నుంచి వచ్చిన కాన్నుంచి. రోజు."

"రోజూనా!" అంది కోమల. తర్వాత కొంగుతో ఆ పిల్ల మొహం తుడిచి, ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"ఏదీ, మొదటి సంది మళ్లోసారి చెప్పు."