ఎడమచేతి చూపుడువేలు

"ఏమే, ఓసారి నీ వేలు కావాలి!"

షెడ్డులోంచి మేస్త్రి కేక. పెళ్ళాన్ని పిలవడం కాదది, పెళ్ళాం వేలిని పిలవడం. ఆమె అంట్లగిన్నెలు అలాగే వదిలేసి, చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళింది.

పాత కార్ల బాడీని ఫ్యాక్టరీ గేటు దాటిన నాటిలా చేసి నిలబెట్టడంలో మేస్త్రికి పెద్ద పేరు. ఫ్యాక్టరీ వాళ్ళు గరుకుగా వదిలేసిన చోట గరుకుగానే ఉండాలి. డిక్కీ అడుగున రంగు పల్చగా కొట్టి ఉంటే పల్చగానే కొట్టాలి. ఎక్కువ అందంగా చేసినా తప్పే. ఇక రెండు రేకులు కలిసే అతుకులో నీళ్ళు దిగకుండా సీలర్ అని నల్లటి ముద్ద పెడతారు. దాన్ని ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో వరసగా నిలబడ్డ ఆడపిల్లలు ఉత్త వేలితోనే రాసేవారు. పెళ్ళికి ముందు ఆరేళ్ళు ఆ వరసలో నిలబడి రాసిన పిల్లే ఈమె. ఎడమచేతి వాటం కావడంతో, ఆమె గీసిన గీత చివర చిన్న తోక ఎడమవైపుకి తిరిగేది.

ఆ చెయ్యే అత్తగారింట్లో తప్పైంది. "అమ్మాయ్, ఆ చేత్తో వడ్డించకు, చూసేవాళ్ళకి బాగోదు" అన్న అత్తగారి మాట ఇరవై ఎనిమిదేళ్ళయినా చెవిలోంచి పోలేదు. కుడిచేత్తో గరిట తిప్పడం అలవాటయ్యేలోగా మూడుసార్లు ఒళ్ళు కాల్చుకుంది. ఇస్త్రీ చొక్కాలో ఒక్క మడత మిగిలితే చాలు, "మీ ఇంట్లో పని నేర్పలేదా?" అనేవాడు మేస్త్రి. కారుకి వంకరుంటే అసలు సిసలు, తనకుంటే పెంపకం తక్కువ. ఇదెక్కడి న్యాయమని అడగాలని నోటిదాకా వచ్చేది, అక్కడే ఆగిపోయేది.

షెడ్డులోని ఈ కారుకీ ఆమే సీలర్ రాసింది. పని పూర్తయ్యాక పాత కార్ల సంఘం నుంచి పరిశీలకుడొచ్చాడు. టార్చి పట్టుకుని కారు కిందకి దూరాడు. అక్కణ్ణుంచే అరిచాడు.

"మేస్త్రీ, ఈ తోక ఎడమకి తిరిగిందే! ఆ కాలం కార్లలో కొన్నింటికి ఇలాగే ఉంటుంది. ఇన్నేళ్ళలో ఎవరి చేతికీ చిక్కలేదిది. ఎవరు రాశారు?"

టీ పళ్ళెంతో నిలబడ్డ ఆమె ఒక అడుగు ముందుకేసింది.

"ఇంకెవరండీ? ముప్పై ఏళ్ళ అలవాటు" అన్నాడు మేస్త్రి, ఆమె వైపు చూడకుండానే కప్పు అందుకుంటూ.

"అయితే వచ్చే నెల మా శిక్షణకి మీరే రావాలి. ఇరవై మందికి చేసి చూపించాలి" అని తన ఫోన్ నంబరున్న కార్డు మేస్త్రి చేతిలో పెట్టి వెళ్ళాడాయన.

మర్నాటి నుంచి మేస్త్రి పాత రేకుల మీద సాధన మొదలెట్టాడు. "పక్కన నిలబడి చెప్పు. ఇదేమన్నా బ్రహ్మవిద్యా!" వేలు ఎలా వంచాలో, ఎక్కడ ఎత్తాలో ఆమె ఓపిగ్గా చెప్పింది. ఎనిమిది రోజులైనా అతని గీత కాటుక దిద్దినట్టు నున్నగా వచ్చిందే గానీ, ఆ తోక రాలేదు.

"ఎక్కడే పొరపాటు?" విసుక్కున్నాడు.

ఆమె ఆ గీత చివర తన వేలు ఆనించి చూసింది. గడియారం పట్టుకుని వీపు వెనక నిలబడే ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ గుర్తొచ్చాడు. బాత్రూమ్‌కి వెళ్తానంటే "నీకోసం కారాగుతుందా?" అనేవాడు. ఆ తోక పనితనం కాదు, భయం. గీత పూర్తికాకుండానే వేలు పక్క కారు మీదకి దూకిన గుర్తు. ఆ వేలు ఈ ఇంట్లోనూ అలాగే పరిగెడుతోంది, పొయ్యి దగ్గర్నుంచి అంట్లకి, అంట్ల దగ్గర్నుంచి అత్తగారి మాత్రలకి.

"మీ వెనక నిలబడి ఎవరూ తరమలేదు కదండీ. మీకు రాదు" అంది మెల్లగా.

"కబుర్లాపు. శిక్షణ రోజు వెనక గదిలో కూర్చుని ముందే రాసిపెట్టు. నాదని చూపిస్తా."

ఆ సాయంత్రం ఇస్త్రీకి తీసిన అతని చొక్కా జేబులో కార్డు తగిలింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చొక్కాని సగంలోనే వదిలేసి, కార్డు మీది నంబరు నొక్కింది. ఫోన్ మోగుతుంటే పెట్టేద్దామని రెండుసార్లు అనుకుంది. అవతల "హలో" అన్నారు.

"అయ్యా, మేస్త్రి గారింటి నుంచి. కారు కింద మీరు చూసిన ఆ వేలు... నాదండీ."