తడి నుదురు

నా భార్య అన్నపూర్ణ చనిపోయిన నెలకు, 1978 వేసవిలో, ఎమ్మిగనూరులోని మా ఇంటికి, ఆసుపత్రుల్లో రోగుల కోసం ప్రార్థన చేసే పాస్టరు జక్కరయ్య వచ్చాడు. నేను కూర్చోమనలేదు. ఆదోని ఆసుపత్రిలో ఆమె చివరి మధ్యాహ్నం, నేను మందులు తెచ్చేసరికి, అతను మంచం పక్కన చెంబుతో నిలబడి ఉన్నాడు. ఆమె నుదురు, జుట్టు తడిగా ఉన్నాయి. జ్వరంలో ఉన్న మనిషికి నాకు చెప్పకుండా బాప్తిస్మం ఇచ్చాడన్న అనుమానం అప్పటినుంచి నన్ను తింటోంది.

“నా భార్యను మీ మతంలో కలుపుకున్నారా?” అని అడిగాను.

“అయ్యో సార్! మాలో నెత్తిన నీళ్లు సల్లితే బాప్తిస్మం కాదు. నమ్మినానని నోటితో సెప్పి, కాలవలో నిండా మునగాల. ఒళ్లు కాలిపోతాంటే తడిగుడ్డ ఏసినా, అంతే.”

మనసు తేలికపడింది. వెంటనే మరో భయం పట్టుకుంది.

“అయితే మీ లెక్కన ఆమె నరకానికేనా?”

అతను తల వంచుకున్నాడు. “క్రీస్తును నమ్మితే జీవం, కాదంటే తీర్పు. నేను నమ్మేది అదే, దాచను. తీర్పు తీర్చేది మాత్రం నేను కాదు సార్. ఆ పొద్దు అమ్మకూ అదే సెప్పినా.”

“ఏమంది?”

“‘మా ఆయన రాని సోటికి నేనొక్కదాన్నే పోయి ఏం సేయాలప్పా? ముందు ఆయన్ను అడుగు’ అనింది. అందుకే వచ్చినా.”

అది నిజమో, నన్ను మతంలోకి లాగే ఎత్తో తెలియలేదు. మాట తీరు మాత్రం ఆమెదే. ఆ మధ్యాహ్నం ఆమె నుదుటిమీద తడిగుడ్డ వేసింది కూడా నేను కాదు, ఇతనే.

“ఈరోజు జవాబు చెప్పలేను, కూర్చోండి” అంటూ ఆమె కుర్చీ ముందుకు జరిపాను.